వీధికొక దీపం: సూరత్ నగరం నేర్పిన పాఠం

ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వబూనడం అవివేకమని మన పెద్దలు ఏనాడో చెప్పారు. ఒక్క ఇంటి విషయంలో ఈ మాట అందరికీ అర్థమవుతుంది. కాని లక్షలాది జనం ఇరుకు సందుల్లో కాపురముండే మహానగరంలో ఆ బావిని ఎవరు తవ్వాలి? నగరపాలక సంస్థ తవ్వాలా? పై అధికారి తవ్వాలా? లేక ఆ వీధిలో నివసించేవారే తవ్వుకోవాలా? ఈ ప్రశ్నకు మన దేశంలో అత్యంత కఠినమైన పరీక్షను ఎదుర్కొన్న నగరం గుజరాత్‌లోని సూరత్. ఆ నగరం పొందిన అనుభవంలో మనవంటి ఉద్యోగులకు, కాలనీల్లో కలిసి బ్రతికే మన కుటుంబాలకు గ్రహించదగిన పాఠం ఒకటి ఉన్నది.

సూరత్ పేరు తెలుగువారికి కొత్తది కాదు. ఆంగ్ల వర్తకులు 1611లో మన మచిలీపట్నంలోను, 1613లో తపతీ తీరాన సూరత్‌లోను వర్తక స్థావరాలు నెలకొల్పారు. తూర్పు తీరపు రేవు కాలక్రమాన ప్రాభవం కోల్పోగా, పశ్చిమ తీరపు రేవు వస్త్రాలకు, జరీకి, వజ్రాల సానకు ప్రసిద్ధి చెంది మహానగరమైంది. 1852లో పురపాలక సంఘంగా ఏర్పడిన సూరత్ 1966లో నగరపాలక సంస్థ హోదా పొందింది. 1991 జనాభా లెక్కల నాటికి అక్కడి జనసంఖ్య సుమారు 15 లక్షలు. 2011 నాటికి అది 44 లక్షలు దాటింది. ఇంత వేగంగా పెరిగిన నగరంలో మగ్గాలు ముందు వచ్చాయి, మనుషులు తరువాత వచ్చారు, మురుగుకాలువలు అందరికన్నా ఆలస్యంగా వచ్చాయి.

ఆ సెప్టెంబరు నెల

1994 వర్షాకాలంలో తపతీ నది పొంగి నగరంలోని పల్లపు ప్రాంతాలను ముంచెత్తింది. నీరు తీసిన తరువాత వీధుల్లో బురద, కుళ్లిన చెత్త, పశువుల కళేబరాలు మిగిలాయి. సెప్టెంబరు మూడవ వారంలో, వినాయక నిమజ్జన సందడి ముగిసీ ముగియకముందే, వేద్ రోడ్డు, కతార్‌గామ్ ప్రాంతాల నుంచి తీవ్రమైన జ్వరంతో, దగ్గుతో, ఆయాసంతో రోగులు ఆసుపత్రికి చేరసాగారు. ఊపిరితిత్తులకు సోకే ప్లేగు అన్న మాట ఒక్క రాత్రిలో నగరమంతా వ్యాపించింది.

ఆ తరువాత జరిగినది చరిత్ర. రైల్వే స్టేషను, బస్సు స్టాండు జనంతో కిటకిటలాడాయి. కొద్ది రోజుల్లోనే లక్షలాది ప్రజలు నగరాన్ని విడిచిపోయారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ మాత్రలు నిండుకున్నాయి. ప్రైవేటు వైద్యులు అనేకులు తలుపులు మూసి వెళ్లిపోయారు. కొన్ని దేశాలు భారతదేశానికి విమానాలను నిలిపివేశాయి. ఇంతచేసి ఆ వ్యాధి బలిగొన్న ప్రాణాలు సుమారు యాభై. ప్రతి ప్రాణమూ విలువైనదే, సందేహం లేదు. కాని ఆ వ్యాధికన్నా దానిని గురించిన భయం ఎన్నో రెట్లు వేగంగా పరుగెత్తింది.

ఇక్కడ మనం ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ప్లేగుకు మందు లేకపోలేదు. లక్షణాలు కనిపించిన తొలి గంటల్లోనే చికిత్స మొదలుపెడితే రోగి కోలుకునే అవకాశం చాలా ఎక్కువ. ఆ మందులు ఖరీదైనవీ కావు. మరి ప్రజలు ఎందుకు పరుగెత్తారు? రేడియో చెప్పినది నమ్మలేదు, పత్రికల్లో వచ్చినది ఒకదానికొకటి పొసగలేదు, వైద్యుడు కనిపించలేదు, అధికారి ఎవరో తెలియదు. “ఈ సందులో జ్వరం వచ్చినవారు ఇద్దరే, వారిని ఆసుపత్రికి పంపించాము, మీరు ఈ మాత్రలు వేసుకొని ఇంట్లో ఉండండి” అని నిబ్బరంగా చెప్పగల, చెబితే నమ్మదగిన మనిషి ఒక్కరు ప్రతి వీధిలోనూ ఉంటే ఆ పరుగు కొంతైనా తగ్గి ఉండేది కాదా? ఆనాడు సూరత్‌లో మందుల కొరతతోపాటు అటువంటి మనిషి కొరత కూడా ఉన్నది. పైగా రోగాన్ని ఒంట్లో పెట్టుకొని రైలెక్కినవాడు దానిని మరో ఊరికి మోసుకుపోయే ప్రమాదం ఉన్నది. కనుక వీధిలో నమ్మకం లేకపోవడం ఆ వీధికే కాక దేశానికంతటికీ ముప్పు.

ఒక్క అధికారి, ఆరు మండలాలు

1995 మే నెలలో నగరపాలక సంస్థ కమిషనరుగా ఎస్.ఆర్. రావు బాధ్యతలు స్వీకరించారు. ఆయన చేసిన మొదటి పని అధికారాన్ని పంచిపెట్టడం. నగరంలోని ఆరు మండలాల అధికారులకు తన అధికారాలను బదలాయించి, ఎవరి మండలానికి వారినే బాధ్యులను చేశారు. ఉదయం పూట పై అధికారి నుంచి కింది ఉద్యోగి వరకు అందరూ వీధుల్లో కనిపించాలి. మధ్యాహ్నం సమావేశమై, ఆనాడు తాము చూసినదానిని గురించి చర్చించాలి. చల్లని గదుల నుంచి దైనందిన శ్రమకు మళ్లడాన్ని “ఏసీ నుంచి డీసీకి” అని ఆయన చమత్కారంగా వర్ణించేవారు. ప్రధాన రహదారులను రాత్రివేళ ఊడ్పించడం, చెత్త వేసినవారికి జరిమానా విధించడం, హోటళ్లను తనిఖీ చేయడం, ధనికులు, పేదలు అన్న భేదం లేకుండా అక్రమ కట్టడాలను తొలగించడం, మురికివాడల్లో సందులకు గచ్చు వేయించి మురుగుకాలువలు, మరుగుదొడ్లు కల్పించడం వరుసగా జరిగాయి.

ఫలితం ఆశ్చర్యకరం. దేశంలోకెల్లా మురికి నగరాలలో ఒకటిగా పేరుపడిన సూరత్‌ను రెండేళ్లు తిరగకముందే, 1996లో, ఇన్‌టాక్ సంస్థ చండీగఢ్ తరువాత దేశంలో రెండవ పరిశుభ్ర నగరంగా గుర్తించింది. కార్యాలయంలో పనిచేసే మనవంటివారికి ఇందులో స్ఫురించే విషయం ఒకటి ఉన్నది. నగరపాలక సంస్థలోని ఉద్యోగులు అంతకుముందున్నవారే. చట్టాలు అంతకుముందున్నవే. మారినది బాధ్యతను పంచిన తీరు, దానిని ప్రతిరోజూ సమీక్షించిన తీరు.

అయితే ఆయన ఆ పదవిలో ఉన్నది సుమారు రెండున్నరేళ్లు మాత్రమే. అధికారి బదిలీ అయిన మరునాడు ఏమవుతుంది? ఎన్నో ఊళ్లలో ఈ ప్రశ్నకు సమాధానం మనకు తెలిసినదే. కొత్త చీపురు కొన్నాళ్లే బాగా ఊడుస్తుంది. సూరత్ మాత్రం వెనుకకు జారిపోలేదు. ఏర్పడిన పద్ధతులు నిలిచాయి, తరువాత వచ్చినవారు కొనసాగించారు. నివాస సముదాయాలు తమ లోపలి వీధులను తామే శుభ్రం చేయించుకుంటే నగరపాలక సంస్థ అందుకు గ్రాంటు ఇచ్చే ఏర్పాటు కూడా అక్కడ నడిచింది. ఊడ్చేది ఎవరైనా, ఊడ్పించే బాధ్యత ఆ వీధివారిదే అయినప్పుడు చూసే కళ్లు పెరుగుతాయి. కేంద్ర ప్రభుత్వపు స్వచ్ఛ సర్వేక్షణ్ 2023 ఫలితాలలో ఇండోర్‌తోపాటు సూరత్ ప్రథమస్థానాన్ని పంచుకున్నది. 1994ను చూసినవారికి ఇది కలలా తోచే సంగతి.

మన మగ్గాల మనుషులు

సూరత్ కథలో తెలుగువారికి సొంతమైన అధ్యాయం ఒకటి ఉన్నది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు చేనేత క్షీణించిన కాలంలో షోలాపూర్‌కు, భీవండికి వెళ్లినట్లే సూరత్‌కు కూడా వెళ్లాయి. లింబాయత్, ఉధనా ప్రాంతాలలో వారి ఇండ్లు ఎక్కువ. పురుషులు మరమగ్గాల షెడ్లలో పన్నెండు గంటల పనికి వెళితే, స్త్రీలు ఇంటివద్ద చీరలకు పోగులు కత్తిరించడం, రాళ్లు అద్దడం, మడతలు పెట్టడం చేస్తారు. నగరపాలక సంస్థ నడిపే పాఠశాలల్లో గుజరాతీ, మరాఠీ, ఒడియా, హిందీ, ఉర్దూలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఏర్పడడానికి కారణం ఈ కుటుంబాలే.

ఇటువంటి పేటలో పారిశుద్ధ్యం గురించి చెప్పడమంటే కరపత్రం అచ్చువేయడం కాదు. ఒక్క సందులోనే నాలుగు భాషలు వినిపిస్తాయి. పగలు పురుషులు ఉండరు, ఉన్నా రాత్రి పని చేసి నిద్రలో ఉంటారు. ఊరినుంచి వచ్చిన కుటుంబం రెండేళ్లలో మరో ఇంటికి మారుతుంది. “ఇది మన ఊరు కాదు, ఎప్పటికైనా తిరిగి పోయేవాళ్లమే” అన్న భావం మనసులో ఉన్నంతకాలం గుమ్మం ముందరి కాలువ తనది అనిపించదు. అటువంటిచోట కాకీ దుస్తులు ధరించి వచ్చే తనిఖీ ఉద్యోగికి తలుపు సగమే తెరుచుకుంటుంది. అదే ఆ సందులోనే కాపురముండే ఇల్లాలు, మన భాషలోనే, “వదినా, మీ డ్రమ్ములో నీళ్లు ఎన్ని రోజులవి?” అని అడుగుతూ లోపలికి వస్తే వాకిలి పూర్తిగా తెరుచుకుంటుంది. నివాసులలోనుంచే కార్యకర్తలను తయారు చేయాలన్న ఆలోచనకు మూలం ఇదే.

ఆలోచన పాతదే, బాట మనదే

ఈ ఆలోచన సూరత్‌లో పుట్టినది కాదు. నగరాల పేటల్లో ప్రజలచేతనే అభివృద్ధి పనులు చేయించే ప్రయోగం 1958లో ఢిల్లీలో మొదలై, కొంతకాలానికి అహమ్మదాబాద్‌లో కొనసాగింది. దక్షిణాన దీనికి గట్టి పునాది వేసిన నగరం మన హైదరాబాదు. 1967లో అక్కడ పట్టణ సామాజికాభివృద్ధి పథకం ప్రారంభమైంది. బస్తీలలో మహిళా మండళ్లు, బాలవాడీలు, కుట్టు శిక్షణ కేంద్రాలు వెలిశాయి. తరువాత యూనిసెఫ్, బ్రిటిష్ ప్రభుత్వ సహాయాలు అందాయి. విశాఖపట్నంలోను 1988 నుంచి బస్తీల మెరుగుదల పథకం నడిచింది. కట్టిన కాలువలకన్నా, ఆ పనుల్లో పాలుపంచుకొని పదిమందిలో మాట్లాడడం నేర్చుకున్న బస్తీ స్త్రీలే ఆ పథకాల అసలైన ఆస్తి.

1990 ప్రాంతంలో కేంద్ర ప్రభుత్వం పట్టణ పేదల ప్రాథమిక సేవల పథకాన్ని తెచ్చినప్పుడు, “రెసిడెంట్ కమ్యూనిటీ వాలంటీర్” అన్న పేరు అధికార పత్రాలలోకి ఎక్కింది. కొన్ని పదుల ఇండ్లకు ఒక మహిళ ప్రతినిధి. అటువంటి ప్రతినిధులు కలిస్తే పొరుగు సంఘం. ఆ సంఘాలన్నీ కలిస్తే సామాజికాభివృద్ధి సమాజం. 1997 డిసెంబరులో వచ్చిన స్వర్ణ జయంతి షహరీ రోజ్‌గార్ యోజన ఈ మూడు అంచెల నిర్మాణాన్నే స్వీకరించి, 10 నుంచి 40 మంది స్త్రీలకు ఒక ప్రతినిధి అని నిర్దేశించింది.

ఈ నిర్మాణం పూర్తిగా ఫలించినచోటు కేరళలోని అలప్పుళ పట్టణం. 1993లో అక్కడ పేదరికాన్ని గుర్తించడానికి ఆదాయపు లెక్కలను పక్కనబెట్టి తొమ్మిది సూచికలు రూపొందించారు. సరైన ఇల్లు లేకపోవడం, మరుగుదొడ్డి లేకపోవడం, మంచినీరు అందకపోవడం, రెండు పూటలా తిండి లేకపోవడం, ఇంట్లో నిరక్షరాస్యులుండడం మొదలైనవి. వీటిలో నాలుగు వర్తిస్తే ఆ కుటుంబం పేద కుటుంబం. సర్వే చేసినవారు ఆ వీధి స్త్రీలే. పొరుగింటి పొయ్యి వెలిగిందో లేదో తెలిసినవారి దగ్గర అబద్ధపు లెక్క చెల్లదు కదా! ప్రతి బృందంలో ఆరోగ్యానికి ఒకరు, ఆదాయ మార్గాలకు ఒకరు, వసతులకు ఒకరు చొప్పున కార్యకర్తలను ఎన్నుకున్నారు. 1998లో ప్రారంభమైన కుటుంబశ్రీ ఉద్యమానికి అలప్పుళ అనుభవమే బీజం.

మద్రాసులో 1989లో ఎం.బి. నిర్మల్ అనే బ్యాంకు ఉద్యోగి ఎక్స్‌నోరా ఉద్యమాన్ని ప్రారంభించారు. వీధిలోని కుటుంబాలు కలిసి చందా వేసుకొని, ఇంటింటి చెత్త సేకరణకు మూడు చక్రాల బండిని, దానికొక మనిషిని ఏర్పాటు చేసుకోవడం దాని పద్ధతి. ఇది ప్రభుత్వ పథకం కాదు. ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన సమయంలో ఒక వ్యక్తి తలపెట్టిన పని. మన పాఠకులు ప్రత్యేకంగా గమనించవలసిన ఉదాహరణ ఇది.

2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ మొదలైన తరువాత సూరత్ వంటి నగరాలన్నింటికీ ఈ పద్ధతి మరో రూపంలో వచ్చింది. 1,000 నుంచి 2,500 మంది జనాభాకు ఒక ఆశా కార్యకర్త, 50 నుంచి 100 ఇండ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఏర్పడాలన్నది ఆ మిషన్ ఉద్దేశం. సమితికి ఏటా 5,000 రూపాయల నిధి. మొత్తం చిన్నదే. కాని దానిని ఎలా ఖర్చు పెట్టాలో నిర్ణయించేది ఆ స్త్రీలే కావడం పెద్ద విషయం.

శిక్షణ అంటే ఏమిటి?

మంచి మనసు ఉన్నంత మాత్రాన మంచి కార్యకర్త కాలేరు. సేవాభావం విత్తనం వంటిదైతే శిక్షణ తడి వంటిది. దేశంలో వేర్వేరుచోట్ల జరిగిన శిక్షణల సారాన్ని పరిశీలిస్తే అయిదు అంశాలు ప్రధానంగా కనిపిస్తాయి.

మొదటిది, తన వీధిని చూడడం నేర్చుకోవడం. రోజూ నడిచే వీధిని మనం నిజానికి చూడము. అందుచేత శిక్షణ తొలిరోజుననే నేలమీద ముగ్గుపిండితో వీధి పటాన్ని గీయిస్తారు. కుళాయి ఎక్కడ, కాలువ ఎక్కడ పూడింది, దీపం లేని మలుపు ఏది, బాలింత ఉన్న ఇల్లు ఏది, మంచం దిగలేని వృద్ధుడు ఎవరింట్లో ఉన్నాడు, వరద వస్తే ముందు మునిగే గడప ఏది అన్నవి రంగులతో గుర్తిస్తారు. అక్షరం రానివారు కూడా ఈ పటం గీయగలరు. చదువుకున్నవారికన్నా బాగా గీయగలరు కూడా.

రెండవది, ఆరోగ్య విషయాల పరిజ్ఞానం. దోమ గుడ్డు పెరిగి రెక్కల దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కనుక వారానికి ఒకరోజు తొట్లను, డ్రమ్ములను ఖాళీచేసి, లోపలి గోడలను రుద్ది, ఆరబెడితే ఆ తరం అక్కడితో ఆగిపోతుంది. మూత లేని డ్రమ్ముకు పాతచీర ముక్క కట్టినా మేలే. అతిసారం సోకిన బిడ్డకు లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఓ.ఆర్.ఎస్. పొట్లం మొత్తం కలపాలి, 24 గంటలు దాటితే పారబోయాలి. సూరత్ పరిసరాలలో వర్షాకాలపు మరో శత్రువు లెప్టోస్పైరోసిస్. ఎలుకల మూత్రం కలిసిన నీటిలో పుండున్న కాలు పెట్టినవారికి అది సోకుతుంది. వరద నీటిలో నడిచిన తరువాత జ్వరం వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్లాలి. ఏ లక్షణం కనిపిస్తే తాను సలహా చెప్పాలో, ఏ లక్షణం కనిపిస్తే తన మాట కట్టిపెట్టి వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలో తెలియడమే ఈ శిక్షణలో కీలకం.

మూడవది, కార్యాలయంతో వ్యవహారం. ఏ పని ఏ శాఖది, ఎవరికి అర్జీ పెట్టాలి, అర్జీలో ఏమి వ్రాయాలి, రసీదు ఎలా తీసుకోవాలి, గడువు దాటితే ఎవరిని అడగాలి అన్నవి. “మా వీధి బాగాలేదు” అన్న అర్జీ బుట్టలోకి పోతుంది. “ఫలానా ఇంటి ముందు ఇరవై అడుగుల మేర కాలువ పూడినది, పదిరోజులుగా నీరు నిలిచినది, ముప్పై ఇండ్లవారు సంతకాలు చేశారు” అన్న అర్జీ బల్లమీద నిలుస్తుంది. ఈ తేడా కార్యాలయాల్లో పనిచేసే మనకు తెలిసినంతగా మరెవరికి తెలుసు?

నాలుగవది, సమావేశం నడపడం. పెద్దగొంతువారిని నొప్పించకుండా ఆపడం, మాట్లాడనివారిని మాట్లాడించడం, తగవులో పడకుండా ఇరుపక్షాల మాట వినడం, నిర్ణయాన్ని పుస్తకంలో వ్రాసి అందరి ఎదుటా చదవడం. కుళాయి దగ్గర మొదలైన తగవు కులం మాటగా మారడానికి ఎంతసేపు పడుతుంది? దానిని కుళాయి దగ్గరే తీర్చగలగడం గొప్ప విద్య.

అయిదవది, లెక్క. వీధి చందా పది రూపాయలైనా రసీదు ఉండాలి. నెలకొకసారి జమాఖర్చులు అందరికీ కనిపించేచోట గోడకు అంటించాలి. స్వచ్ఛంద సంఘాలు కూలిపోవడానికి నూటికి తొంభై పాళ్లు కారణం దొంగతనం కాదు, లెక్క చెప్పకపోవడం వల్ల పుట్టిన అనుమానమే అంటే అతిశయోక్తి కాదేమో.

ఇవన్నీ ఒక్కవిడతలో నేర్పి పంపితే సరిపోదు. రెండురోజుల శిక్షణ, తరువాత నెలరోజులు వీధిలో పని, మళ్లీ కలిసి ఎదురైన చిక్కులు చెప్పుకోవడం అన్న వరుసలో సాగిన శిక్షణలే నిలుస్తాయి. ఈత గట్టుమీద నేర్చుకునేది కాదు కదా!

మెచ్చుకోలు చాలదు

ఇంతవరకు చెప్పినది ఉజ్జ్వలమైన పార్శ్వం. రెండవ పార్శ్వం చెప్పకపోతే ఈ వ్యాసం అసమగ్రమవుతుంది.

స్వచ్ఛంద సేవ అనగానే పేద ఇంటి స్త్రీయే ఎందుకు గుర్తుకు రావాలి? చీరకు రాళ్లు అద్దితేనే పూట గడిచే తల్లి, ఆ పని మాని మధ్యాహ్నమంతా ఇంటింటికీ తిరిగితే ఆమె కోల్పోయిన కూలి ఎవరిస్తారు? ఆమె చేసేది సేవ అని పొగిడి, అదే పనిని పర్యవేక్షించేవారికి జీతం ఇవ్వడంలో న్యాయం ఎంత? దేశమంతటా ఆశా కార్యకర్తలు సరైన పారితోషికం కోసం పలుమార్లు వీధికెక్కడం మనం చూశాము. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకొన్న వార్డు వాలంటీర్ల ఏర్పాటు వేరు. వారిని ప్రభుత్వం నియమించి గౌరవ వేతనం ఇచ్చింది, వారి ప్రధాన విధి పథకాలను గడపకు చేర్చడం. మనం చెప్పుకుంటున్న కార్యకర్తను వీధివారే ఎన్నుకుంటారు, ఆమె జవాబుదారీ కూడా వీధివారికే. గౌరవ వేతనం ఉండడం తప్పు కాదు. అది అందినంతమాత్రాన ఆమె ఎవరి మనిషో అన్న సందేహం రాకుండా చూడడమే కష్టం.

ఇంకొక చిక్కు అధికారం లేని బాధ్యత. కాలువ పూడితే అందరూ కార్యకర్తనే నిలదీస్తారు. ఆమె పదిసార్లు కార్యాలయానికి తిరిగినా పని కాకపోతే నలుగురిలో నవ్వులపాలవుతుంది. మూడుసార్లు అలా జరిగితే ఎవరైనా విసిగి ఇంట కూర్చుంటారు. కనుక శిక్షణ కార్యకర్తకు మాత్రమే ఇస్తే చాలదు, ఆమె అర్జీని అందుకునే ఉద్యోగికి కూడా ఇవ్వాలి. 1995 నాటి సూరత్‌లో ఫిర్యాదుకు స్పందన లభించింది కనుకనే పౌరులు ఫిర్యాదు చేయడం అలవాటు చేసుకున్నారు. పైనుంచి వచ్చిన క్రమశిక్షణ, కిందినుంచి వచ్చిన చొరవ బండికి రెండు చక్రాల వంటివి. ఏ ఒక్కటి లేకపోయినా బండి గిరగిర తిరుగుతుందే కాని ముందుకు సాగదు.

మరొకటి ఇంటి భద్రత. రేపు ఈ గుడిసె ఉంటుందో ఉండదో తెలియనివాడు ఈరోజు కాలువకు చందా ఇవ్వడు. అహమ్మదాబాద్‌లో 1995లో మొదలైన పరివర్తన్ పథకంలో ప్రతి కుటుంబం 2,000 రూపాయలు చెల్లించి నీరు, మురుగు, మరుగుదొడ్డి, గచ్చువీధి, దీపాల వసతులలో భాగస్వామి అయింది. ఆ కుటుంబాలు ముందుకు రావడానికి ముఖ్య కారణం, పదేళ్లపాటు ఖాళీ చేయించబోమని నగరపాలక సంస్థ ఇచ్చిన హామీ. శిక్షణ ఎంత గొప్పదైనా ఈ హామీ స్థానాన్ని భర్తీ చేయలేదు.

మళ్లీ వచ్చిన పరీక్షలు

2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి విడుదలైన నీరు సూరత్ నగరంలో అధికభాగాన్ని ముంచివేసింది. 1994కన్నా ఎంతో పెద్ద వరద. నీరు తీసిన తరువాత బురద గుట్టలుగా మిగిలింది. ఆనాటి ప్లేగు మళ్లీ వస్తుందన్న భయం అందరిలోనూ ఉన్నది. కాని ప్లేగు రాలేదు. నగరాన్ని శుభ్రం చేయడమెలాగో, ఇంటింటి జ్వరాల లెక్క తీయడమెలాగో అప్పటికి ఆ నగరానికి తెలుసు. బావి ముందే తవ్వి ఉన్నది. ఆ తరువాతి సంవత్సరాలలో వాతావరణ మార్పులను ఎదుర్కొనే ప్రయత్నానికి ఎన్నికైన తొలి మూడు భారతీయ నగరాలలో ఇండోర్, గోరఖ్‌పూర్‌లతోపాటు సూరత్ చోటు పొందింది. వరద రాకముందే హెచ్చరించే ఏర్పాటు దాని ఫలితాలలో ఒకటి. హెచ్చరిక యంత్రం నుంచి రావచ్చు. దానిని చివరి గడపకు చేర్చి, మంచంమీది వృద్ధుని మేడ ఎక్కించవలసినది మాత్రం పొరుగింటివారే.

2020లో కరోనా వచ్చినప్పుడు మాత్రం అదే సూరత్‌లో వేలాది వలస కార్మికులు ఊళ్లకు పంపమని కోరుతూ వీధుల్లోకి వచ్చారు. ఈసారి పరుగుకు కారణం వ్యాధి భయంకన్నా ఆకలి భయం ఎక్కువ. కూలి ఆగింది, గది అద్దె ఆగలేదు, రేపటి సంగతి చెప్పేవారు లేరు. నగరం ఎంత పరిశుభ్రమైనా, అందులోని శ్రామికుడు అది తనదని భావించకపోతే కష్టం వచ్చిన మొదటిరోజుననే అతని చూపు రైలు పట్టాలవైపు మళ్లుతుంది. పారిశుద్ధ్యం సగం పని, ఆత్మీయత మిగిలిన సగం అని ఈ రెండు అనుభవాలూ కలిసి చెబుతున్నాయి.

మన కాలనీ మాట

సంస్థ ఆవాసాలలో నివసించేవారికి ఈ కథ దూరపుకొండలా తోచవచ్చు. మన వీధులు ఊడ్చేవారు ఉన్నారు, నీరు వేళకు వస్తుంది, దీపం ఆరితే నిర్వహణ విభాగానికి ఫోను చేస్తే చాలు. అయితే ఈ సౌకర్యమే మనలోని పౌరుని నిద్రపుచ్చే ప్రమాదం ఉన్నది. ఎదురింటి మేడమీద ఉండే వృద్ధ దంపతుల పేర్లు మనలో ఎందరికి తెలుసు? మన ఇండ్లలో పనిచేసే అమ్మాయి కాలనీ గోడ అవతలి ఏ బస్తీ నుంచి వస్తున్నదో, అక్కడ కుళాయి ఉన్నదో లేదో ఎప్పుడైనా అడిగామా? దోమకు కాలనీ ప్రహరీ అడ్డు కాదు.

కర్మాగారంలో భద్రతా శిక్షణ పొందినవారు, లెక్కలు వ్రాయగలవారు, సమావేశాల నిర్ణయాలు నమోదు చేయగలవారు మనలో ఎందరో ఉన్నారు. పదవీ విరమణ చేసిన పెద్దల వద్ద అనుభవమూ ఉన్నది, సమయమూ ఉన్నది. గృహిణులలో చదువుకున్నవారు, నాలుగు భాషలు మాట్లాడగలవారు ఉన్నారు. మహిళా సంఘాలు పండుగ పోటీలతోపాటు ఏడాదికి రెండుసార్లు, వర్షాకాలానికి ముందొకసారి, తరువాత ఒకసారి, పొరుగు బస్తీ స్త్రీలతో కలిసి కూర్చుని ఒక వీధి పటం గీయవచ్చు. అక్కడి నుంచి ఇద్దరిని, ఇక్కడి నుంచి ఇద్దరిని కార్యకర్తలుగా ఎంచుకోవచ్చు. ఆరోగ్య కేంద్రం వైద్యులను ఒక పూట పాఠం చెప్పమని కోరవచ్చు. మనం నేర్పేవారిగా మాత్రమే వెళ్లకూడదు. నీటి బొట్టు విలువ గురించి వారి దగ్గర మనం నేర్చుకోవలసినది చాలా ఉన్నది.

నగరానికి కమిషనరు ఒక్కరే. వీధులు వేలు. ఎంతటి సమర్థుడైన అధికారి అయినా ప్రతి మలుపులోనూ నిలబడలేడు. కాని ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరు నివసిస్తూనే ఉన్నారు. వారిలో ఒక్కరు ముందుకు వచ్చి, నేర్చుకొని, తలుపు తట్టి “మన వీధి సంగతి మాట్లాడుకుందాం, రండి” అన్నరోజున అక్కడ దీపం వెలిగినట్లే. 1994 సెప్టెంబరు రాత్రులలో సూరత్ సందులలో లేనిది ఆ దీపమే. మన వీధిలో అది ఉన్నదో లేదో ఈ సాయంత్రం ఒకసారి బయటకు వచ్చి చూద్దాము. లేకపోతే వెలిగించడానికి మరో ఇంటివారికోసం ఎదురు చూడనవసరం లేదు.